వేలిముద్ర పడనివాడు

...కాదు తల్లీ, కవరు దగ్గర్నుంచి మొదలెట్టకు. ముందు చీకటి రాయి. ఆ కొట్టాల్లో చీకటి ఎలా ఉండేదో తెలియకపోతే మిగతాదంతా ఏదో ఆఫీసు గొడవలా ఉంటుంది. ఇది ఆఫీసు గొడవ కాదు. నేను నెమ్మదిగా చెప్తా, నువ్వు తొందరపడకుండా రాయి. ఇందులో సగం నా చెల్లెలు ఎల్వీరా చెప్పింది. మిగతా సగం కూడా తనే చెప్పింది, కాకపోతే ఏడుస్తూ చెప్పింది.

పుట్టగొడుగుల కొట్టానికి కిటికీ ఉండదు. గోడలు మందంగా ఉంటాయి, తలుపు ఇనపది. లోపల మంచం మీద మంచం పేర్చినట్టు చెక్క మడులు, కప్పు తగిలేదాకా. మడిలో కుళ్ళిన గడ్డి, గుర్రపు పేడ కలిపిన ఎరువు. దాని మీద సున్నం కలిపిన నల్లమట్టి. ఆ మట్టి మీద తెల్లగా, చల్లగా, పసిపిల్లల మోకాళ్ళలా పుట్టగొడుగులు. కోసేవాళ్ళు నెత్తికి లైటు కట్టుకుని, మడుల మధ్య అడ్డంగా వేసిన పలక మీద నిలబడి కోస్తారు. బయట మంచు పడుతోందో ఎండ కాస్తోందో లోపలివాడికి తెలియదు. పెన్సిల్వేనియాలో మేం ఉన్న ఊరి చుట్టూ అవే కొట్టాలు. వాటిలో కోసేవాళ్ళు ముప్పాతిక మంది దక్షిణాన సరిహద్దు అవతలి మా గ్వానహ్వాతో వైపు వాళ్ళే.

ఆ మంగళవారం పొద్దున ఎల్వీరా నాలుగో కొట్టం తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి నికనోర్ పై మడి దగ్గర పలక మీద ఉన్నాడు. కింద నుంచి చూస్తే అతని చేతులు మాత్రమే కనపడుతున్నాయి, లైటు వెలుగులో. మూడు వేళ్ళతో గొడుగు పట్టుకుంటాడు. బిడ్డ చెవి మెలిపెట్టినంత సుతారంగా తిప్పి లేపుతాడు. లాగకూడదు. లాగితే పక్కన పుడుతున్న బుడిపెలు కూడా లేచొచ్చేస్తాయి. లేపినవి అరచేతిలోనే దాచుకుని, రెండో చేతి కత్తితో కాడలు తెగ్గోసి, గొడుగు మీద గోటి గీత పడకుండా పెట్టెలోకి జారవిడుస్తాడు. టక్, టక్, టక్. ఆ చప్పుడు తప్ప కొట్టంలో ఇంకో చప్పుడు లేదు.

"కొమాద్రె, ఆ ఆఫీసు చెప్పుల్తో రాకు. జారి పడతావ్," అన్నాడు తల తిప్పకుండానే.

"నడక నేర్పింది నువ్వే కదా కొంపాద్రె. పడితే నీకే పేరు."

ఎల్వీరా కూతురు నయేలికి నికనోర్ జ్ఞానతండ్రి. చర్చిలో పిల్లకి బాప్తిస్మం నీళ్ళు పోసినప్పుడు ఎత్తుకుని నిలబడ్డవాడు. అందుకని వీళ్ళిద్దరూ ఒకరికొకరు కొంపాద్రె, కొమాద్రె. మాలో అది తోడబుట్టిన దానికంటే గట్టి బంధం. తోడబుట్టిన వాళ్ళు తిట్టుకోవచ్చు. కొంపాద్రెని తిడితే పాదిరీ దగ్గర చెప్పుకోవాలి.

ఆమె కాఫీ ఫ్లాస్కు పలక మీద పెట్టింది. అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుని కిందికి దిగాడు.

"నిన్న పట్నం వెళ్ళావంట. పడ్డాయా వేలిముద్రలు?"

"ఎక్కడ! గ్రీన్ కార్డు కొత్తది ఇవ్వాలంటే ఆ అద్దం మీద వేళ్ళు ఆనాలంట. ఆ పిల్ల నా వేళ్ళు ఒక్కోటీ పట్టుకుని అదిమి అదిమి చూసింది. తడిపింది, తుడిచింది. చివరికి 'తాతా, నీ వేళ్ళకి గీతలే లేవు' అంది."

"నువ్వేమన్నావ్?"

"అమ్మా, సంతకం రానివాడు వేలిముద్ర వేస్తాడు, వేలిముద్ర కూడా రానివాడు ఏం వెయ్యాలి అన్నాను."

"ఏమంది?"

"ఏమంటుంది. ఇంకో తేదీ వేసిచ్చింది."

ఎల్వీరా నవ్వింది. అతనూ నవ్వాడు. ఎరువు వేడి, మట్టిలో సున్నం, సాయంత్రం చేతులు కడిగే బ్లీచింగు నీళ్ళు. ఇన్నేళ్ళుగా ఈ మూడూ కలిసి అతని వేళ్ళకొసలు అరగదీసి వదిలిపెట్టాయి. "అంపారో పంది కొవ్వు రాసి మేజోళ్ళు తొడుగుతోంది చేతులకి," అన్నాడు భార్య గురించి. "అలా తలుపు తీస్తే పక్కింటి కుక్క కూడా గుర్తుపట్టట్లా."

అప్పుడే తలుపు దగ్గర పెద్దాయన గొంతు వినపడింది. "అమ్మాయ్!"

పెద్దాయనంటే డినో. ఈ కొట్టాలన్నీ ఉన్న తోట ఆయనది, అంతకుముందు వాళ్ళ నాన్నది, ఆపైన ఇటలీ నుంచి పడవలో వచ్చిన తాతది. మోకాళ్ళు పోయాక కొట్టాల్లోకి రావడం మానేశాడు. గుమ్మంలోనే నిలబడి పిలుస్తాడు. ఆ రోజు వెలుతురు వెనక నుంచి పడుతున్నా ఆయన మొహం పిండి రాసినట్టుందని ఎల్వీరాకి తెలిసిపోయింది. చేతిలో పొడుగాటి తెల్ల కవరు ఉంది.

ఆఫీసంటే పెద్దదేం కాదు. పెట్టెలు సర్దే షెడ్డు చివర చిన్న గది. అల్మారాలో వరసగా రేకు డబ్బాలు. క్రిస్మస్‌కి డినో చుట్టాలు పంపే తీపి రొట్టెల డబ్బాలవి. రొట్టె తినేశాక ఎల్వీరా వాటిలో పనివాళ్ళ కాగితాలు పెట్టుకునేది. కొత్తవాడు పనిలో చేరిన రోజున తన కార్డో పాసుపోర్టో చూపించాలి. యజమాని దాన్ని చేత్తో పట్టుకుని చూసి, చూశానని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అది ఆ దేశపు రూలు. డినో తరఫున చూసేదీ, అడిగేదీ, సంతకం పెట్టేదీ ఎల్వీరానే. కోతలో నడుం పట్టేశాక ఆయనే ఆమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ అంతే.

"శుక్రవారం గవర్నమెంటు వాళ్ళు వస్తారంట," అన్నాడు డినో. "అందరి కాగితాలూ చూస్తారంట. అందరివీ."

"ఉన్నాయి కదయ్యా డబ్బాల్లో."

"ఉన్నాయి. ఎలా ఉన్నాయో!" టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "కొండ పక్క తోటాయన సంగతి తెలుసు కదా నీకు. జరిమానా కట్టలేక కొట్టాలు అమ్ముకున్నాడు. ఇప్పుడు కూతురింట్లో కుక్కని తిప్పుతున్నాడు." టోపీ మీది మట్టి దులిపాడు. "అన్నీ తీసి చూడమ్మాయ్. తేదీ దాటిన కార్డు ఎవరిదైనా కనపడితే పిలు. కొత్తది తెస్తే సరే. లేకపోతే పంపెయ్. వాళ్ళొచ్చేసరికి శుభ్రంగా ఉండాలి."

ఎల్వీరా డబ్బాలు దించి బల్ల మీద పెట్టుకుంది. మూతలు తీస్తే ఇంకా కమలా తొక్కల వాసన వస్తోంది. ఒక్కో కాగితం తిరగేస్తూ పోయింది. మూడో డబ్బాలో నికనోర్ దొరికాడు, మధ్యలో ఊరికి పోయి తిరిగొచ్చి మళ్ళీ చేరినప్పుడు ఆమే రాసిన కాగితం. కార్డు నకలులో అతనికి నల్ల మీసం ఉంది, పెళ్ళికొడుకులా చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. కింద తేదీ చూసింది. మొన్న వసంతంలోనే అయిపోయింది. ఆమె మూత పెట్టేసింది. లేచి కాఫీ గిన్నె కడిగింది. మళ్ళీ వచ్చి మూత తీసి చూసింది. తేదీ మారలేదు.

మధ్యాహ్నం తిండి వేళకి కవరు సంగతి కొట్టాలన్నిటికీ పాకింది. ఇంకొకరి పేరున్న అరువు కాగితాలతో పనిచేసేవాళ్ళు ఎవరో ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. సాయంత్రానికి వాళ్ళు ఇక లేరు. వెళ్తున్నామని చెప్పలేదు, చెప్తే విన్నవాళ్ళకి ఇబ్బంది అని. ఒకావిడ ఊదారంగు స్వెట్టరు మేకుకే వేలాడుతోంది. ఎల్వీరా దాన్ని తెచ్చి ఆఫీసులో తలుపు వెనక తగిలించింది, ఎప్పుడైనా వస్తే ఇద్దామని. డినో దాన్ని చూశాడు. ఎవరిదని అడగలేదు.

మర్నాడు ఎల్వీరా కొట్టంలోకి కాఫీ తీసుకెళ్ళలేదు. పొద్దుటంతా పెన్సిళ్ళు చెక్కింది. ఏమనాలో నోట్లోనే అనుకుంది. "కొంపాద్రె, కోపం తెచ్చుకోకు" అని ఒకసారి, "నేను చెప్తున్నది కాదు" అని ఒకసారి. చివరికి పెట్టెలు మోసే మనిషితో కబురు పెట్టింది.

నికనోర్ నెత్తిన లైటుతోనే వచ్చాడు. లైటు ఆర్పడం మర్చిపోయాడేమో, గుమ్మంలో నిలబడితే ఆ వెలుగంతా ఆమె మొహం మీద పడింది.

"ఆర్పు కొంపాద్రె, కళ్ళు పోతున్నాయి."

"ఆఁ, ఆఁ." ఆర్పాడు. బల్ల మీద డబ్బాలు చూశాడు. పైనున్న కాగితంలో తన నల్ల మీసం చూసుకున్నాడు. "అబ్బో, ఈ కుర్రాడెవరు? పిల్లనిద్దామా?"

ఆమె నవ్వలేదు. అప్పుడతను కూర్చున్నాడు.

"కార్డు పాతదైపోయింది," అంది ఎల్వీరా.

"నా నడుమూ పాతదే."

"కొత్తది చూపించాలి. లేకపోతే పనిలో ఉంచకూడదు. శుక్రవారం వాళ్ళొస్తున్నారు."

"పెద్దాయన మాటా, నీ మాటా?"

"రూలు మాట."

"ఓహో." లైటు పట్టీ సర్దుకున్నాడు. "రూలే అన్నాక మనమేం అంటాం."

రెండు చేతులూ ఎత్తి బల్ల మీద బోర్లా పెట్టాడు, తర్వాత వెల్లకిలా తిప్పాడు. గోళ్ళ సందుల్లో నల్లమట్టి. అరచేతిలో కాయలు. వేళ్ళకొసలు మాత్రం నున్నగా, తెల్లగా, అప్పుడే కోసిన పుట్టగొడుగుల్లా ఉన్నాయి. మొదటిసారి చీకట్లోకి వచ్చి భయపడి గుప్పెడు బుడిపెలు పీకేసినప్పుడు, తన వేళ్ళ మీద ఆ వేళ్ళు పెట్టి "ఇలా, ఇలా తిప్పు, ఏడవకు" అన్న చేతులు. ఎల్వీరా వాటిని చూడలేక అల్మారా వైపు చూసింది.

"తప్పు నీది కాదులే. ఈ వెధవ వేళ్ళది," అన్నాడతను. గొంతు తగ్గించి అడిగాడు, "మరి ఇల్లు?"

ఇల్లు తోటదే. పని ఉన్నన్నాళ్ళే ఇల్లు.

"ఆదివారం దాకా."

అతను తలూపాడు. లేవబోయి ఆగాడు. "ఐదో మడి సగంలో ఉంది. అది కోసేసి పోతాను. రేపటికి విచ్చుకుంటే ఎవడూ కొనడు."

"వద్దులే, ఇంకెవరైనా—"

"ఇంకెవరున్నారు? నిన్ననే సగం మంది పోయారు." లైటు వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం పెట్టెలన్నీ షెడ్డుకి చేరాక మళ్ళీ వచ్చాడు. చేతిలో కత్తి ఉంది. పొట్టి కత్తి, పిడికి నల్లటేపు చుట్టి చుట్టి పిడికిలి ఆకారానికి వచ్చేసింది. శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టాడు. మాలో కోతవాడు తన కత్తి ఇంకొకరి చేతికి ఇవ్వడు. పని మానేవాడు ఇంటికి తీసుకుపోతాడు. పోయినవాడికైతే శవపేటికలో పెడతారు.

"ఇదేంటి?"

"ఇది ఇక్కడే ఉండనీ. తోటలో కొన్నది. తుప్పు పట్టనీకు."

అతను వెళ్ళాక ఎల్వీరా దాన్ని జేబురుమాల్లో చుట్టింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి చేతిసంచిలో వేసుకుంది.

గురువారం ఆమె చిక్కుడు గింజలు ఉడకబెట్టి, మాంసం ముక్కలు వేసి, గిన్నె నిండా పట్టుకుని నికనోర్ ఇంటికి వెళ్ళింది. పొద్దు ఇంకా ఉంది. మెట్ల మీద రెండు పక్కలా పెయింటు బకెట్లలో అంపారో పెంచే మిరప మొక్కలు. ఊరి నుంచి రుమాల్లో కట్టుకొచ్చిన విత్తనాలవి. ఆ వీధిలో ఎవరికి మిరపకాయ కావాలన్నా ఆ మెట్లకే వస్తారు. ఇప్పుడు సగం మెట్లు ఖాళీగా ఉన్నాయి. అంపారో ఒక్కో బకెట్టూ పొట్టకి ఆనించుకుని మేనల్లుడి లారీలోకి మోస్తోంది.

"రామ్మా, రా," అంది ఎల్వీరాని చూసి. బకెట్టు దించలేదు. "కుర్చీ ఎలా ఉంది? మెత్తగా ఉందా?"

"కొమాద్రె, నేను—"

"లేదులే, అడుగుతున్నా. ఎప్పుడూ కూర్చోలేదు కదా నేను." బకెట్టు లారీలో పెట్టి చేతులు దులుపుకుంది. "ఆయన నీ చెయ్యి పట్టుకుని చీకట్లో కోత నేర్పాడు. నువ్వు వెలుతుర్లో కూర్చుని ఆయన్నే కోసేశావు."

"రూలు అలా ఉంది కొమాద్రె. నా చేతిలో ఏముంది చెప్పు."

"పుట్టగొడుగునైనా తిప్పి తీస్తారే. నువ్వు లాగేశావు. పక్కన బుడిపెలతో సహా."

లోపలి నుంచి నికనోర్ గొంతు వినపడింది. "అంపారో, బరువు మోసేటప్పుడు మాట్లాడకు. నడుం పట్టుద్ది."

"నీ నడుం సంగతి నువ్వు చూసుకో! మేజోళ్ళు ఊడదీశావంటే చూడు!"

ఆ మాటకి ఎల్వీరాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె గిన్నె చాపింది. అంపారో తీసుకుంది. లోపలికి రమ్మనలేదు. కాసేపటికి బయటికి వచ్చి, కడిగిన గిన్నె తిరిగి ఇచ్చింది. ఖాళీ గిన్నె. మన దగ్గర గిన్నె ఖాళీగా తిప్పి పంపరు, నీకు తెలుసు. ఒక నిమ్మకాయైనా వేస్తారు, ఏమీ లేకపోతే చిటికెడు ఉప్పైనా. ఎల్వీరా ఆ గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుని ఇంటిదాకా నడిచింది. వండుకొచ్చినప్పుడు కూడా అంత బరువనిపించలేదట.

శుక్రవారం వచ్చిన ఆఫీసరమ్మ సన్నగా ఉంది, జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. గది చల్లగా ఉందని కోటు విప్పలేదు. ఎల్వీరా ఇచ్చిన కాఫీ రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఒక్కో డబ్బా దగ్గరికి లాక్కుంది. డినో గోడవారగా నిలబడి టోపీ అంచుని తిప్పుతున్నాడు.

ఎల్వీరా ఒక కాగితం విడిగా, అన్నిటికంటే పైన పెట్టింది. తోటలో రూలు ఎంత గట్టిగా పాటిస్తామో కనపడాలని.

"ఇది విడిగా ఎందుకుంది?" అంది ఆఫీసరమ్మ.

"ఆయన్ని పంపేశామండి. కార్డు తేదీ అయిపోయింది. కొత్తది తేలేకపోయాడు."

ఆఫీసరమ్మ కాగితం ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివింది. చేరిన తేదీ చూసింది, కార్డు తేదీ చూసింది. రుమాలు తీసి ముక్కు చీదింది.

"చేరిన రోజున కార్డు బాగానే ఉంది కదా?"

"ఉందండి."

"చూసి సంతకం పెట్టారు."

"పెట్టానండి."

"అయితే అక్కడితో మీ పని అయిపోయింది. గ్రీన్ కార్డు మీద తేదీ అయిపోతే మనిషికి ఇక్కడుండే హక్కు అయిపోదు. ఈయన్ని మళ్ళీ అడగకూడదు. రూల్లో అలా లేదు." తలెత్తి ఇద్దర్నీ చూసింది. "అడగమని ఎవరు చెప్పారు?"

డినో ఎల్వీరా వైపు చూశాడు. ఎల్వీరా బల్ల వైపు చూసింది, నికనోర్ రెండు చేతులు వెల్లకిలా పెట్టిన చోటు. ఎవరూ చెప్పలేదు. కవరు వచ్చింది, భయం వచ్చింది, మిగతాది భయమే చెప్పింది.

"ఉంచుకున్నందుకు తప్పు లేదు," అంది ఆఫీసరమ్మ. "పంపేసినందుకుంది. పిలిపించండి."

మళ్ళీ డబ్బాల్లోకి వంగింది. చివరి డబ్బా కూడా అయ్యాక తన దగ్గరున్న జీతాల పేర్లతో పోల్చుకుంటూ వేలు కిందికి జరిపింది. వేలు ఒక చోట ఆగింది.

"ఎల్వీరా అని ఉంది. ఎవరు?"

"నేనేనండి."

"మీదేది?"

"నాదేంటండి?"

"కాగితం. మీరు చేరినప్పటిది."

ఎల్వీరా లేచి డబ్బాల్లో వెతికింది. వెతకడం ఎందుకో ఆమెకే తెలియదు. అందరివీ తన చేత్తో రాసింది. తనది రాయమని తనను అడిగినవాళ్ళెవరు? కోతలో చేరినప్పుడు ఆ పని చూసే మనిషి లేడు. కుర్చీలోకి వచ్చాక తనే ఆ మనిషి అయింది.

డినో నవ్వాడు. "ఆవిడదా? ఆవిడ మా ఇంటి పిల్లలాంటిదండి. ఇంటి పిల్లని కాగితం అడుగుతారా ఎవరైనా?"

"ఇంటి పిల్లకి జీతం ఇస్తున్నారా?"

"ఇస్తున్నాను."

"అయితే అడగాలి."

మాత్ర వేసుకోవాలి, ఏదైనా తినొస్తానని ఆఫీసరమ్మ కారు దగ్గరికి వెళ్ళింది. తలుపు పడగానే డినో కుర్చీలో కూలబడ్డాడు. బల్ల సొరుగులోంచి ఖాళీ కాగితం తీశాడు.

"రాసెయ్ అమ్మాయ్. నువ్వు చేరినప్పటి తేదీ వెయ్. సిరా సిరాయే. ఎవడికి తెలుస్తుంది?"

ఎల్వీరా కలం తీసుకుంది. పేరు రాసింది, పుట్టిన రోజు రాసింది. తేదీ దగ్గర ఆగింది. తలుపు వెనక ఊదారంగు స్వెట్టరు వేలాడుతోంది. ఆవిడెవరో, ఎవరి పేరు పెట్టుకుని పనిచేసిందో, ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో. ఆవిడ దగ్గర కాగితం అరువుది కాబట్టి వెళ్ళిపోయింది. నికనోర్ దగ్గర నిజమైన కాగితం ఉన్నా వెళ్ళిపోయాడు. అసలు కాగితమే లేకుండా అందరి కాగితాలూ అడిగింది తను.

"ఇవాల్టి తేదీ వేస్తానయ్యా," అంది.

"జరిమానా పడుద్ది!"

"పడనివ్వండి. మీరు ఇటు రండి. నా కుర్చీలో కూర్చోండి. నేను అటు నిలబడతా."

డినో అర్థం కానట్టు చూశాడు. ఆమె మొహం చూసి మోకాళ్ళు పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఎల్వీరా గుమ్మం దగ్గర, అందరూ నిలబడే చోట నిలబడింది.

"అడగండయ్యా."

"ఏమని?"

"కాగితం చూపించమని."

ఆయన ముందుకి వంగాడు. "నిన్నా?" అన్నాడు. కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు. అది నెత్తి మీదే ఉంది. చివరికి చెయ్యి చాపాడు. ఎల్వీరా సంచిలోంచి తన కార్డు తీసి ఆ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఈ ఫొటోలో భయపడుతున్నావమ్మాయ్."

"అందులో అందరం అలాగే ఉంటామయ్యా."

ఆయన సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెట్టాక కలం మూత పెడుతూ అన్నాడు, "ఇన్నాళ్ళూ వచ్చిన ప్రతివాణ్ణీ ఇలా అడిగింది నువ్వేనా?"

"నేనే."

"ఇలా నిలబెట్టి?"

"కూర్చోమనేదాన్ని. ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు."

ఆఫీసరమ్మ తిరిగొచ్చి ఆ కాగితం మీది తేదీ చూసింది. ఎల్వీరాని చూసింది. దాన్ని తన సంచిలో పెట్టుకుంది. జరిమానా సంగతి ఉత్తరంలో వస్తుందని చెప్పి, కాఫీ బాగుందని కూడా చెప్పి వెళ్ళింది.

డినో తన ట్రక్కు తీశాడు. దారంతా ఎల్వీరా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీధి మలుపులో ఆయన, "నేనేమనాలి అతనితో?" అని అడిగాడు.

"నాకూ తెలియదయ్యా. నేనే వెతుక్కుంటున్నా."

నికనోర్ ఇంటి మెట్లు మొత్తం ఖాళీ అయిపోయాయి. మేనల్లుడి లారీ నిండా మిరప మొక్కలు, వాటి మధ్య రెండు కుర్చీలు, ఒక పరుపు. అంపారో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది, చీపురు చేత్తో. విడిచిపోయే ఇంటినైనా ఊడ్చి పోవాలంటుంది ఆవిడ. ట్రక్కు దిగిన ఇద్దర్నీ చూసింది. చీపురు పక్కకి జరపలేదు.

"కాగితం చూపించు," అంది ఎల్వీరాతో.

ఎల్వీరా మెట్టు మీద ఆగిపోయింది.

"ఏం, అడక్కూడదా? మా ఇంట్లోకి రావాలన్నా కాగితం ఉండాలి ఇప్పుడు. రూలు."

ఎల్వీరా సంచి తెరిచింది. లోపల తన కార్డు ఉంది. దాన్ని తీయలేదు. జేబురుమాలు తీసి, మడతలు విప్పి, నల్లటేపు చుట్టిన కత్తిని రెండు అరచేతుల్లో పెట్టి చాపింది.

"ఇదొక్కటే ఉంది నా దగ్గర. తప్పు చేశాను కొమాద్రె. రూల్లో అది లేదంట. పంపమని ఎవ్వరూ అనలేదంట. నేనే పంపాను."

అంపారో కత్తిని చూసింది. చూస్తూనే ఉంది. తల వెనక్కి తిప్పి లోపలికి కేకేసింది. "ఏమయ్యో! నీ కత్తి తిరిగొచ్చింది. వచ్చి తీసుకో, నేను ముట్టుకోను!"

నికనోర్ వచ్చాడు. రెండు చేతులకీ మోచేతులదాకా తెల్ల మేజోళ్ళు, కొవ్వు ఊరి మరకలు. కత్తి చూశాడు. తీసుకుందామని చెయ్యి చాపాడు గానీ మేజోడు లోపలి వేళ్ళకి పట్టు దొరకలేదు. రెండు చేతుల్తో ఎత్తబోయాడు, జారింది.

"ఆగు, ఆగు, కుదురుగా ఉండవు కదా," అని అంపారో చీపురు గోడకి ఆనించి, ఒక్కో మేజోడూ నెమ్మదిగా, పసివాడికి తీసినట్టు లాగింది. తన ఏప్రన్‌తో ఆ వేళ్ళ మీద జిడ్డు ఒక్కోటీ తుడిచింది. అప్పుడతను కత్తి తీసుకున్నాడు. పిడికిలి దాని చుట్టూ మూసుకుంది.

"నా లైటు?" అన్నాడు.

"మేకుకే ఉంది."

"కొట్టం ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ లేరు కొంపాద్రె. నీ మడులన్నీ విచ్చుకుపోయాయి. గొడుగులై కూర్చున్నాయి."

"చెప్పాను కదా." ఆ ఒక్క మాటలోనే కొంచెం కోపం ఉందట. ఎల్వీరాకి ఆ కోపం విన్నాకే గుండె కుదుటపడిందట.

డినో ఈ లోపల లారీ దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ చెప్పకుండానే ఒక మిరప బకెట్టు దించి, పొట్టకి ఆనించుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కుతున్నాడు. మూడో మెట్టు మీద ఊపిరి తీసుకుని, "నికనోర్, నేను..." అని మొదలెట్టాడు.

"అయ్యా, అది అక్కడ కాదు," అన్నాడు నికనోర్. "అక్కడ ఎండ తగలదు. ఇటు పక్క పెట్టండి."

డినో ఇటు పక్క పెట్టాడు. మళ్ళీ దిగి ఇంకోటి తెచ్చాడు. ఎల్వీరా కూడా చెప్పులు విడిచి ఒకటి ఎత్తుకుంది. మేనల్లుడు లారీ మీదికెక్కి అందిస్తున్నాడు. అంపారో మాత్రం దేన్నీ మోయలేదు. మెట్టు మీద కూర్చుని, ఏది ఎక్కడుండాలో వేలితో చూపించింది.

"సోమవారం నుంచి కోతకి రాకు," అన్నాడు డినో మోకాలు రుద్దుకుంటూ. అంపారో తల గిర్రున తిప్పింది. "కాదు కాదు, జీతం ఉంటుంది! కొత్తవాళ్ళని తీసుకోవాలి కదా. వాళ్ళకి నేర్పు. నువ్వు మట్టిలో చెయ్యి పెట్టకు. ఆ గీతలేవో వచ్చేదాకా."

"చెయ్యి పెట్టకుండా ఎలా నేర్పుతానయ్యా? ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టు?"

"నోటితో నేర్పు."

"నోటితో అయితే అంపారోని పెట్టుకోండి. రెండ్రోజుల్లో తోటంతా కోసేస్తారు భయపడి."

అందరికంటే ముందు అంపారో నవ్వింది. లేచి లోపలికి వెళ్ళి, ఎల్వీరాని పేరు పెట్టి పిలిచింది. "ఆ గిన్నె పట్రా రేపు. నిన్న అందులో ఏం వెయ్యాలో మర్చిపోయాను."

మర్నాడు ఆ గిన్నె ఇంటికి చేరినప్పుడు మూత పట్టనన్ని ఎర్ర మిరపకాయలు ఉన్నాయి. అవి ఎంత కారమంటే, నయేలి ఒకటి కొరికి ఇల్లంతా పరిగెత్తింది.

ఊదారంగు స్వెట్టరు మాత్రం ఎవరూ వచ్చి తీసుకోలేదు. ఎల్వీరా ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ అది తలుపు వెనకే ఉంది. చలికాలానికి ముందు ఉతికి, మళ్ళీ అక్కడే తగిలించేది.

ఇక చాలు తల్లీ, కలం పెట్టెయ్. సోమవారం మీ అమ్మ ఆ కోళ్ళ ఫ్యాక్టరీలో కాగితాలు చూసే కుర్చీలో కూర్చుంటోంది కదా, ఎంత సంబరపడిపోతోందో. ఆదివారం ఫోన్ చేసి దీన్ని చదివి వినిపించు. నెమ్మదిగా చదువు, నేను చెప్పినట్టే. నికనోర్ బల్ల మీద చేతులు పెట్టే చోట కాసేపు ఆగు. అంతా విన్నాక, నీ కాగితం ఎవరు చూశారమ్మా, నువ్వు ఎక్కడ నిలబడ్డావు, అని అడుగు. ఏమంటుందో నాకు చెప్పు.